గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్నలతో టెక్సస్‌లోని పాత మెక్సికన్ రెస్టారెంట్‌కి వెళ్తుంటే

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఉండేది డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో, గుంటూరు నుంచి అమ్మగారు, నాన్నగారు వచ్చారు. అమ్మగారు శాకాహారి, గుడ్డు కూడా తినరు. నాన్నగారు చికెన్ తింటారు, బీఫ్ ముట్టరు, కారం లేకపోతే ముద్ద దిగదు. ఒకే కుటుంబం తరతరాలుగా నడుపుతున్న మెక్సికన్ రెస్టారెంట్‌కి వాళ్లను ఒక్కసారైనా తీసుకెళ్లాలని మీ కోరిక. రివ్యూలు తెరిస్తే సగం మంది ఆహా ఓహో అంటున్నారు, మిగతా సగం మంది చప్పగా ఉంది, గంటన్నర నిలబెట్టారు అంటున్నారు. ఎవరిని నమ్మాలి, ఏం ఆర్డర్ చేయాలి అని అడిగారు.

ఇద్దరి మాటా నిజమే. పాత కుటుంబ రెస్టారెంట్లలో వంటగది కొద్దిపాటి వంటకాలనే చేస్తుంది, అవే దశాబ్దాలుగా, అదే పద్ధతిలో. కౌంటర్ దగ్గర నిలబడి ఇది వేయండి, అది తీసేయండి అని చెప్పించుకునే చెయిన్ షాపుల పద్ధతి అక్కడ నడవదు. ఆ వంటగదికి బాగా వచ్చినదే అడిగినవాళ్లు తృప్తిగా లేస్తారు. మెనూలో మొహమాటానికి పెట్టిన వంటకం అడిగినవాళ్లు ఒక్క స్టార్ ఇచ్చి వెళ్తారు. మీ ఇంట్లోవాళ్ల సంగతికి వస్తే దీనికి తోడు ఇంకో రెండు ప్రశ్నలున్నాయి: ఏ కొవ్వులో వండారు, ఏ నీళ్లలో ఉడికించారు. ఈ రెండూ తెలిస్తే అమ్మగారి భోజనం సమస్య ముప్పాతిక వంతు తీరినట్టే.

ముందు చోటు సంగతి. పేరు పాతదైతే కుటుంబం చేతిలోనే ఉందని అనుకోకండి. డల్లాస్‌లో 1918లో మిగేల్ మార్టినెస్ పెట్టిన ఎల్ ఫీనిక్స్‌ను ఆయన కుటుంబం 2008లో వేరే కంపెనీకి అమ్మేసింది. తిండి బాగుండదని కాదు, మీరు వెతుకుతున్నది అది కాదు. మీకు దగ్గర్లో నిజంగా కుటుంబం నడుపుతున్నది ఫోర్ట్ వర్త్ నార్త్ సైడ్‌లోని జో టి గార్సియాస్. 1935 జూలై 4న 16 మంది కూర్చునే గదితో మొదలై, ఇప్పుడు తోటతో కలిపి దాదాపు వెయ్యి మంది పట్టేంతగా పెరిగింది. 1998లో, అమెరికాలో రెస్టారెంట్లకు పెద్ద అవార్డులిచ్చే జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ వాళ్ల అమెరికాస్ క్లాసిక్స్ గౌరవం దక్కింది. ఐదు గంటల ప్రయాణానికి సిద్ధపడితే శాన్ ఆంటోనియో మార్కెట్ స్క్వేర్‌లోని మీ తియెర్రా ఉంది. పీట్ కోర్టెస్, క్రూస్ కోర్టెస్ దంపతులు 1941లో మూడు టేబుళ్లతో తెరిచారు, కుటుంబమే నడుపుతోంది. ఆస్టిన్‌లో 1952 నుంచి ఉన్న మ్యాట్స్ ఎల్ రాంచో కూడా ఈ కోవలోదే.

ఈ మూడింటిలో మీ ఇంట్లోవాళ్లకు నా ఓటు మీ తియెర్రాకే. మెనూ పెద్దది, ముందు భాగంలో రొట్టెలూ తీపి వంటకాలూ అమ్మే పానదేరియా ఉంది, గదుల్లో ఏడాది పొడవునా రంగు దీపాలూ కాగితపు తోరణాలూ ఉంటాయి, పెద్దవాళ్లకు చూడడానికీ బాగుంటుంది. జో టి గార్సియాస్‌లో రాత్రి భోజనం చాలాకాలంగా ప్రధానంగా రెండు రకాలే: ఎంచిలాదా (లోపల చీజో మాంసమో పెట్టి చుట్టి, పైన సాస్ పోసిన మొక్కజొన్న రొట్టె) డిన్నర్, ఫహీతాలు (పెనం మీద కాల్చి రొట్టెలతో ఇచ్చే మాంసం లేదా కూరగాయ ముక్కలు). ఎంచిలాదా డిన్నర్‌లో చీజ్ నాచోలు, చీజ్ ఎంచిలాదాలు, బీఫ్ టాకోలు, అన్నం, బీన్స్, గ్వాకమోలే (అవకాడో పచ్చడి) అన్నీ కలిపి టేబుల్ మీదకు వస్తాయి. ఎనిమిది మంది స్నేహితులు వెళ్తే అంతకంటే సుఖం లేదు. గుడ్డు తినని శాకాహారిని మాత్రం ముందు ఫోన్ చేసి కనుక్కోకుండా తీసుకెళ్లకండి. మ్యాట్స్ ఎల్ రాంచోలో అందరూ అడిగే బాబ్ ఆర్మ్‌స్ట్రాంగ్ డిప్ చూడటానికి చీజ్ గిన్నెలానే ఉంటుంది. దాని అడుగున బీఫ్ ఖీమా ఉంటుంది, నాన్నగారు చిప్ ముంచే ముందే మీకు తెలియాలి.

ఇక వంటగదిలోకి వెళ్దాం, అసలు విషయం ఇక్కడే ఉంది. టెక్సస్ పాత మెక్సికన్ వంటలో పంది కొవ్వు మూలపదార్థం, మంతేకా అంటారు. పింటో బీన్స్ ఉడికించి, మెదిపి, ఆ కొవ్వులో వేయించినవే రీఫ్రైడ్ బీన్స్. గోధుమ టోర్టియా (పల్చటి రొట్టె) పిండిలో ఆ కొవ్వో, వనస్పతి లాంటి షార్టెనింగో కలుపుతారు. మొక్కజొన్న పొత్తి పొరల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించే తమాలే పిండిని కొవ్వుతో గిలకొడితేనే అది గుల్లగా ఉడుకుతుంది, కాబట్టి లోపల చీజూ మిరపకాయా మాత్రమే ఉన్న తమాలే కూడా సాధారణంగా శాకాహారం కాదు. అన్నం చూడటానికి టమాటా అన్నంలా అమాయకంగా కనిపిస్తుంది. బియ్యాన్ని నూనెలో రంగు మారేదాకా వేయించి, టమాటా పోసి, చికెన్ నీళ్లలోనో చికెన్ బులియన్ పొడి కలిపిన నీళ్లలోనో ఉడికిస్తారు. అన్నంలో మాంసం ఉందా అని అడిగితే సర్వర్ లేదంటాడు. అతను అబద్ధం చెప్పడం లేదు, అతని లెక్కలో పొడి మాంసం కాదు.

అందుకే వెజిటేరియన్ వంటకాలు ఏమున్నాయి అని గుండుగుత్తగా అడగకండి. బీన్స్‌లో లార్డ్ (పంది కొవ్వు) ఉందా, అన్నంలో చికెన్ బ్రాత్ గానీ చికెన్ పొడి గానీ వేశారా, ఈ సాస్ ఏ నీళ్లతో చేశారు అని విడివిడిగా అడగండి. సర్వర్లకు ఇంగ్లీషు బాగానే వస్తుంది. వంటగదిని కనుక్కోవాల్సి వస్తే స్పానిష్‌లో ఈ రెండు ముక్కలు చాలు: ‘లోస్ ఫ్రిహోలెస్ తియెనెన్ మంతేకా?’ అంటే బీన్స్‌లో పంది కొవ్వు ఉందా అని, ‘ఎల్ అరోస్ యేవా కాల్దో దె పోయో?’ అంటే అన్నంలో చికెన్ రసం పడిందా అని. ‘సిన్ కార్నే’, అంటే మాంసం లేకుండా, అని మాత్రం ఆపేస్తే పైన వేసే ఖీమా తీసేసి అదే సాస్ పోసి పంపిస్తారు. అన్నిటికంటే మంచిది వెళ్లే రోజుకు ముందు మధ్యాహ్నం రెండున్నర, నాలుగు మధ్య ఫోన్ చేసి అడగడం. ఆ సమయంలో వంటగది ఖాళీగా ఉంటుంది, వండే మనిషినే కనుక్కుని చెప్తారు. శనివారం రాత్రి ఏడున్నరకు అడిగితే ఎవరికి తోచింది వాళ్లు చెప్తారు.

ఎంచిలాదాలు ఈ హోటళ్ల అసలు పరీక్ష, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. మొక్కజొన్న టోర్టియాను వేడి నూనెలో కొన్ని క్షణాలు ముంచి తీస్తారు, లేకపోతే చుట్టేటప్పుడు చిట్లుతుంది. లోపల పసుప్పచ్చ చీజు, పచ్చి ఉల్లిపాయ ముక్కలు పెట్టి చుట్టి, పళ్లెంలో పక్కపక్కన పేర్చి, పైన చిల్లీ గ్రేవీ పోసి, ఇంకాస్త చీజు చల్లి బాగా కాలిన ఓవెన్‌లో పెడతారు. అంచుల దగ్గర చీజు బుడగలు కట్టి, గ్రేవీ పళ్లేనికి కొద్దిగా అంటుకుని ముదురు రంగుకి తిరిగితే సరిగ్గా కుదిరినట్టు. ఆ పళ్లెం టేబుల్ మీదకు వచ్చేసరికి చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. సర్వర్ హాట్ ప్లేట్ అని హెచ్చరిస్తాడు గానీ ఆ సందడిలో పెద్దవాళ్లకు వినపడదు, మర్యాదకు చెయ్యి చాచి అందుకోబోతారు. మీరే ముందు చెప్పండి. పళ్లెం వచ్చాక ఫోటోలు తీస్తూ కూర్చుంటే ఐదారు నిమిషాల్లో చీజు గడ్డకడుతుంది, నూనె పైకి తేలుతుంది, టోర్టియా గ్రేవీని పీల్చి మెత్తబడిపోతుంది. మెత్తగా ముద్దలా ఉంది అని రాసే రివ్యూల్లో కొన్ని ఇలా ఆరిపోయాక తిన్నవాళ్లవే అయి ఉంటాయి.

చిల్లీ గ్రేవీ అంటే కొవ్వులో పిండి వేయించి, ఎండుమిర్చి పొడి, జీలకర్ర, వెల్లుల్లి వేసి బీఫ్ లేదా చికెన్ నీళ్లతో చిక్కగా కాచినది. కొన్నిచోట్ల గ్రేవీ బదులు నేరుగా బీఫ్ చిల్లీయే పోస్తారు. కాబట్టి మెనూలో చీజ్ ఎంచిలాదా అని రాసి ఉన్నా అది అడగకుండా మీ అమ్మానాన్నలిద్దరికీ పనికిరాదు. నాన్నగారికి చికెన్ ఎంచిలాదా, పైన పచ్చ సాస్ చెప్పండి. పచ్చి టమాటాల్లా ఉండే తొమతీయో కాయలు, పచ్చిమిర్చి, కొత్తిమీరతో చేసే ఆ పులుపు మన నాలుకకు బాగా పడుతుంది. సోర్ క్రీమ్ సాస్ అయినా ఆయనకు ఫరవాలేదు, దానిలోనూ చికెన్ నీళ్లే పోస్తారు. ఫహీతా అని ఊరికే చెప్తే స్కర్ట్ స్టేక్, అంటే బీఫ్ వస్తుంది, చికెన్ అని స్పష్టంగా చెప్పాలి. ఆ చికెన్ కాల్చేది బీఫ్ కాల్చిన పెనం మీదే కావచ్చు. అది ఆయనకు పట్టింపు అయితే ముందే అడగండి. కార్నీతాస్, అల్ పాస్తోర్, చోరీసో ఈ మూడూ సాధారణంగా పంది మాంసమే. చార్రో బీన్స్‌లో బేకన్ ఉంటుంది.

అమ్మగారికి నేనైతే ఇలా చెప్తాను: మొక్కజొన్న టోర్టియాల మధ్య చీజు పెట్టి కాల్చే కెసదీయా (శుభ్రమైన పెనం మీద నూనెతో కాల్చమనండి), గ్వాకమోలే, టమాటా, ఉల్లి, కొత్తిమీర తరుగుతో చేసే పీకో దె గాయో, కూరగాయల ఫహీతాలు వేరే మూకుడులో. బ్లాక్ బీన్స్ తరచుగా కొవ్వు లేకుండా చేస్తారు, అడిగి నిర్ధారించుకోండి. మొక్కజొన్న టోర్టియా పిండిలో మొక్కజొన్న, సున్నం, నీళ్లు తప్ప ఏమీ ఉండవు. ఎండు మొక్కజొన్నను సున్నపు నీళ్లలో ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, పొట్టు పోయేలా కడిగి, తడిగా రుబ్బుతారు. అందుకే అప్పుడే కాల్చిన రొట్టెకు ఒక ప్రత్యేకమైన వాసన ఉంటుంది. చీల్ రెయ్యేనో పేరుతో పొబ్లానో మిరపకాయలో చీజు కూరి చేసేది చూస్తే మన మిరపకాయ బజ్జీ గుర్తొచ్చి నోరూరుతుంది, కానీ దాని పైపూత గిలకొట్టిన గుడ్డు. తీపి వంటకాలైన ఫ్లాన్, త్రెస్ లెచెస్ రెండింట్లోనూ గుడ్డు ఉంటుంది. తీపికి అరోస్ కోన్ లెచే చెప్పండి, పాలు, బియ్యం, చక్కెర, దాల్చినచెక్క. కొన్నిళ్లలో దాంట్లోనూ గుడ్డు కలుపుతారు, ఒక్క మాట అడిగితే పోతుంది. పానదేరియాలో అద్దాల వెనక కనిపించే కోంచాల్లాంటి తీపి రొట్టెల్లో సాధారణంగా గుడ్డు, కొన్నిసార్లు కొవ్వు కూడా ఉంటాయి. చీజు తయారీలో పాలు విరగడానికి వాడే, కొన్నిసార్లు దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్ విషయంలో అమ్మగారికి పట్టింపు ఉంటే మాత్రం అక్కడ ఎవరూ ఖచ్చితమైన సమాధానం ఇవ్వలేరు, చీజు మానేయడమే మార్గం.

తాగడానికి ఆగ్వా దె హమైకా తప్పకుండా చెప్పండి. ఎర్రగా, పుల్లగా ఉండే ఆ పానీయం చేసేది ఎర్ర గోంగూర జాతి మొక్క పూల రక్షకపత్రాలతోనే. గుంటూరు పెద్దవాళ్లకు ఒక్క గుక్కలో ఆ పులుపు తెలిసిపోతుంది. మంచు ముక్కల్లా గ్లాసులో నిలబడి ఉండే ఫ్రోజెన్ మార్గరీతా మాత్రం మద్యం. దాన్ని యంత్రంతో తీయడం మొదలైంది డల్లాస్‌లోనే, 1971లో మరియానో మార్టినెస్ ఐస్‌క్రీమ్ యంత్రాన్ని మార్చి చేశాడు, ఆ యంత్రం ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. మద్యం లేకుండా కావాలంటే వర్జిన్ అని చెప్పాలి.

కారం దగ్గరికి వద్దాం, నాన్నగారి అసలు బాధ అదే. గుంటూరు సన్నం మిరప 35,000 నుంచి 40,000 స్కోవిల్ యూనిట్ల (కారానికి కొలమానం) కారం ఉంటుంది. అక్కడి పచ్చిమిర్చి హలపేన్యో 2,500 నుంచి 8,000 వరకే. గ్రేవీలకు రంగూ రుచీ ఇచ్చే ఆంచో ఎండుమిర్చి అంతకంటే ఇంకా తక్కువ. ఆ వంటలో ఎండుమిర్చి పని ఎండుద్రాక్షలా తియ్యటి, పొగచూరిన ముదురు రుచి ఇవ్వడం. మంట పుట్టించే బాధ్యత టేబుల్ మీద పెట్టే సాల్సా అనే పచ్చడిది. కాబట్టి వంటకంలో కారం పెంచమని అడగకండి. వాళ్లు గ్రేవీ పెద్ద గుండిగలో ఉదయమే కాచేస్తారు, మీ ఒక్క పళ్లేనికి మార్చలేరు, మహా అయితే పైన నాలుగు హలపేన్యో ముక్కలు వేసి పంపుతారు. దానికి బదులు చీలెస్ తోరెయాదోస్ అడగండి. పచ్చిమిరపకాయలను పెనం మీద తోలు నల్లబడేదాకా దొర్లించి ఉప్పు, నిమ్మరసం చల్లి ఇస్తారు. సెర్రానోతో చేయమనండి, హలపేన్యో కంటే ఘాటు. వంటగదిలో చీలె దె ఆర్బోల్ సాల్సా గానీ హబనేరో సాల్సా గానీ ఉందేమో అడగండి. పనివాళ్లు తమ కోసం చేసుకునేది చాలాచోట్ల ఉంటుంది, మెనూలో రాయరు. మర్యాదగా అడిగితే చిన్న గిన్నెలో తెచ్చి పెడతారు. హబనేరో లక్ష యూనిట్లు దాటుతుంది, నాన్నగారిని మొదట చెంచా కొసతో చూడమనండి.

టెక్సస్‌లో చాలాచోట్ల కూర్చోగానే చిప్స్, సాల్సా ఉచితంగా వస్తాయి, అయిపోతే మళ్లీ తెస్తారు. ఆకలి మీద రెండు బుట్టలు లాగించి, అసలు భోజనం వచ్చేసరికి కడుపు నిండిపోయి, పళ్లెంలో వదిలేయడం మనవాళ్లలో చాలా మామూలు. చిప్స్ వేయించే నూనెలోనే మాంసం టాకోలు కూడా వేయిస్తారా అన్నది అమ్మగారి కోసం ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న, ఎందుకంటే మొదట చెయ్యి వెళ్లేది దానిమీదకే.

ఎదురుచూపుల విషయంలో దాదాపు తప్పంతా మనం వెళ్లే సమయానిదే. ఇలాంటి చోట్ల చిన్న కుటుంబాలకు ముందస్తు బుకింగ్ సాధారణంగా ఉండదు. శుక్ర, శని రాత్రులు, ఆదివారం చర్చి తర్వాత, మదర్స్ డే, సింకో దె మాయో (మే 5), ఫోర్ట్ వర్త్‌లో అయితే జనవరి మధ్యలో మొదలయ్యే స్టాక్ షో (పశువుల ప్రదర్శన) రోజులు మానుకోండి. మంగళ, బుధవారాల్లో మూడు గంటల ప్రాంతం శ్రేష్ఠం. అయితే కొన్ని చోట్ల మధ్యాహ్నం మూసి సాయంత్రం ఐదుకు తెరుస్తారు, కొన్నింటికి వారం మధ్యలో సెలవు, ఆ రోజు సమయాలు చూసుకునే బయల్దేరండి. బృందం మొత్తం వస్తే తప్ప టేబుల్ ఇవ్వరు, కారు పార్క్ చేసేవాళ్లు వస్తున్నారంటే ఒప్పుకోరు. జూలై, ఆగస్టుల్లో తోటలో కూర్చోబెడతామంటే వద్దని లోపలే అడగండి, ఆ ఎండకు పెద్దవాళ్లు తట్టుకోలేరు. మరియాచీ గాయకులు టేబుల్ దగ్గరికి వచ్చి పాడితే డబ్బు ఇవ్వాలి, పాటకు ఎంతో ముందే అడగడం తప్పేమీ కాదు, వద్దనుకుంటే నవ్వి చెయ్యి ఊపితే చాలు.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. టెక్సస్ నగరాల్లో అమ్మకం పన్ను చాలావరకు 8.25 శాతం. భోజనం 120 డాలర్లైతే పన్ను 9.90, దానికి 20 శాతం టిప్ 24, మొత్తం 153.90. టిప్ లెక్క పన్ను కలపకముందు మొత్తం మీద వేస్తే సరిపోతుంది. ఆరుగురో ఎనిమిదిమందో దాటిన బృందానికి బిల్లులోనే గ్రాట్యుటీ కలిపేసి ఉంటుంది, రెండుసార్లు ఇవ్వకుండా చూసుకోండి. నాన్నగారు ఇంత టిప్ ఎందుకని అడుగుతారు, అడగడం సహజమే: అక్కడ టిప్ వచ్చే ఉద్యోగికి యజమాని ఇవ్వాల్సిన కనీస కూలి గంటకు 2.13 డాలర్లే, మిగతాది మనమిచ్చేదే. జో టి గార్సియాస్ దశాబ్దాలపాటు కార్డులు తీసుకోలేదు. ఇలాంటి పాత చోట్లకు వెళ్లేటప్పుడు కార్డు చెల్లుతుందో లేదో కనుక్కోండి, కొంత నగదూ ఉంచుకోండి. బిల్లు రెండు కుటుంబాలకు విడగొట్టాలంటే ఆర్డర్‌కి ముందే చెప్పాలి.

రివ్యూలు చదివేటప్పుడు స్టార్లు వదిలేసి, కొత్తవి పైకి వచ్చేలా పెట్టి, ఏ వంటకం గురించి రాశారో చూడండి. పసుప్పచ్చ చీజు, జీలకర్ర గ్రేవీ ఉన్నాయి కాబట్టి ఇది అసలు మెక్సికన్ కాదు అన్న ఫిర్యాదును పట్టించుకోకండి. టెక్సస్‌లో వందేళ్లుగా నడుస్తున్న వంట అది, దాని లెక్క దానిది. ఎదురుచూపుల ఫిర్యాదులు ఏ వారం, ఏ వేళ అన్నది చూస్తే వాటంతట అవే తేలిపోతాయి. బీన్స్ చల్లగా ఉన్నాయి, టోర్టియా ఎండిపోయింది, సర్వర్ రెండోసారి రాలేదు అని ఇటీవలి నెలల్లో వేర్వేరు మనుషులు రాస్తే మాత్రం అది నిజమైన జబ్బు, మరోచోటు చూసుకోండి. గ్లూటెన్, శాకాహారం గురించి సర్వర్ ఎంత ఓపికగా చెప్పాడో రాసిన రివ్యూ ఒక్కటి దొరికినా మీకు చాలా పనికొస్తుంది.

ఏదైనా తేడా వస్తే మొదటి రెండు ముద్దల్లోనే చెప్పండి. సగం తిన్నాక, లేదా ఇంటికెళ్లి రివ్యూలో రాస్తే వాళ్లు చేయగలిగింది ఏమీ ఉండదు. కుటుంబ రెస్టారెంట్‌లో ఉన్న గొప్ప సౌకర్యం, తలుపు దగ్గరో గల్లాపెట్టె దగ్గరో ఇంటి మనిషి ఉండే అవకాశం ఎక్కువ. ఆ మనిషి ఎవరినీ అడగకుండానే పళ్లెం మార్పించగలరు, బిల్లులో తీసేయగలరు. అమ్మగారి పళ్లెంలో చికెన్ ముక్క కనపడితే దాన్ని పక్కకు తీసి తినమనకండి, వాళ్లనూ అలా పంపనివ్వకండి: మాకు ఇది మతపరమైన నియమం, కొత్త పళ్లెంలో మొదటినుంచి చేసి తెండి అని నెమ్మదిగా, స్పష్టంగా చెప్పండి. మతం మాట వినగానే వాళ్లు దాన్ని ఇష్టాయిష్టాల కింద జమకట్టరు. ఆ ఇళ్లలో కూడా ఈస్టర్ ముందు నలభై రోజుల నియమ కాలంలో వచ్చే శుక్రవారాల్లో మాంసం మానేసేవాళ్లు చాలామంది. అసలు వీలైతే ఆ నలభై రోజుల్లో వచ్చే శుక్రవారమే వెళ్లండి, మాంసం లేని ప్రత్యేక వంటకాలు చాలాచోట్ల ఉంటాయి. కొన్నింట్లో చేపా రొయ్యలూ ఉంటాయి కాబట్టి అది కూడా అడగాలి.

మిగిలితే కెసదీయా, బీన్స్ ఇంటికి తెచ్చుకోవచ్చు. ఎంచిలాదాలు పార్సిల్‌కి పనికిరావు. తప్పదంటే గ్రేవీ వేరే డబ్బాలో అడిగి, ఇంట్లో 350 డిగ్రీల ఫారన్‌హీట్ ఓవెన్‌లో పైన రేకు కప్పి పావుగంట వేడిచేసి, ఆ తర్వాతే పోసుకోండి.